ఆ పిల్లాణ్ని తిట్టకండి, ఒక కుక్కర్ కొనివ్వండి

మొన్న ఆదివారం ఖమ్మంలో మా బంధువుల గృహప్రవేశం. భోజనాల దగ్గర అందరికీ మా అక్క కొడుకే దొరికాడు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకి చదువుతున్నాడు. "రాత్రుళ్లు నూడుల్సేనటగా, అందుకే పుల్లలా అయ్యావు" అని ఒకరు, "మైదా తిని ఏం చదువుతావురా" అని ఇంకొకరు. వాడు తల వంచుకుని పప్పన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. నాకు కడుపు మండిపోయింది. అక్కడ పెద్దవాళ్ల ముందు అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

వాడు రీడింగ్ రూమ్ నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మెస్‌లో అప్పటికి మిగిలేది అడుగంటిన అన్నం, నీళ్ల సాంబారు. గదిలో గ్యాస్ పెట్టుకోనివ్వరు. బయట ఫ్రైడ్ రైస్ తినాలంటే 80 రూపాయలు. నెలలో ఎన్ని రాత్రులు పెట్టగలడు? పదిహేను రూపాయల ప్యాకెట్ కాక వాడింకేం తినాలి?

నేనూ అలాంటి గదిలో ఉండి చదువుకున్నదాన్నే. 2015లో అమీర్‌పేటలో బ్యాంక్ కోచింగ్. ఆ జూన్‌లో మ్యాగీ నూడుల్స్‌లో సీసం ఎక్కువుందని గొడవ లేచి, నిషేధం పడి, కొట్లలోంచి మాయమైంది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు నిషేధం కొట్టేసినా, మళ్లీ మా కిరాణా కొట్టుకు వచ్చింది నవంబరులోనే. ఆ నెలల్లో కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టుకున్నాం. అటుకులు నానబెట్టి పెరుగు కలుపుకున్నాం. పల్లీలు, కీరా, ఏది దొరికితే అది. నూడుల్స్ తిరిగొచ్చాక కూడా ఆ గుడ్డూ ఆ పల్లీలూ మానలేదు, ప్యాకెట్‌లోనే కలపడం మొదలుపెట్టాం. బియ్యం ఎలాగో నూడుల్సూ అలాగే. ఉత్త అన్నం తిని లేస్తామా?

నూడుల్స్ ఆరోగ్యమని నేననను. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో కనిపెట్టిన కిటుకేంటంటే, ఉడికిన నూడుల్స్‌ని నూనెలో వేయించడం. నీరంతా ఆవిరైపోయి సన్నటి రంధ్రాలు పడతాయి, వేడినీళ్లు అందులోకి దూరగానే మెత్తబడుతుంది. తొందరగా ఉడకడానికి చేసిన తిండి అది, బలానికి కాదు. ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు అంటుంటే, ఒక్క ప్యాకెట్‌తోనే మూడో వంతు దాకా పోతుంది. అందులో ఎక్కువ భాగం మసాలా పొట్లంలోనే ఉంటుంది కాబట్టి సగం పొట్లమే వాడండి. మిగతా సగం మడిచి రబ్బరు బ్యాండు వేసి రేపటికి దాచుకోండి.

నేను చేసే పద్ధతి ఇది. చెంచా నూనెలో అర ఉల్లిపాయ, రెండు పచ్చిమిర్చి, గుప్పెడు తోటకూర మగ్గనివ్వాలి. గ్లాసున్నర నీళ్లు తెర్లాక నూడుల్స్ బిళ్ల విరవకుండా వేసి, సగం మసాలా చల్లాలి. నిమిషం ఆగి పైన గుడ్డు కొట్టి వదిలేయాలి, గరిటె పెట్టకూడదు. పెడితే పులుసంతా తెల్లగా విరిగినట్టవుతుంది. మూత పెట్టి మూడు నిమిషాలు. తెల్లసొన గట్టిపడి నూడుల్స్ మీద దుప్పటిలా పరుచుకుంటుంది. మొత్తం 30 రూపాయల్లో పని అయిపోతుంది. గుడ్డు తిననివాళ్లు పొద్దున నానేసిన పెసలు ముందే ఉడికించుకుని వేసుకోవచ్చు.

ఇరవై నాలుగేళ్ల మగపిల్లాడికి ఉల్లిపాయ తరగడం రాదంటే తప్పెవరిది? వాణ్ని వంటింట్లోకి రానివ్వంది మనం. వాడి చెల్లెలికి పన్నెండో ఏటే కత్తి చేతికిచ్చాం, వాడికి కంచం ముందుకు జరిపాం. పండక్కి వచ్చి వెళ్తుంటే ఆవకాయ జాడీ, సకినాల డబ్బా కట్టిస్తాం. ఒక చిన్న గిన్నె, ఒక కత్తిపీట ఇచ్చి పంపిన తల్లి ఎవరైనా ఉన్నారా? పిల్లాడు చిక్కిపోయాడని ఏడ్చే ముందు వాడికి ఒక పోపు వేయడం నేర్పండి!

ఆ సాయంత్రమే వాణ్ని బజారుకి తీసుకెళ్లి చిన్న కరెంటు కుక్కర్, చాకు కొనిచ్చాను. కెటిల్‌లో గుడ్డు కొడితే అడుగున అంటుకుంటుంది, చెయ్యి దూరదు, కడగలేరు. కుక్కర్‌కి మూతి వెడల్పు.

నిన్న రాత్రి పదింటికి వీడియో కాల్. ఆవిరికి ఫోన్ మసకబారిపోయి వాడి ముఖం కనిపించట్లేదు, గొంతే వినిపిస్తోంది.

"పిన్నీ, గోంగూర తెచ్చా. మొదట వెయ్యాలా, చివర్లోనా?"

మొదటే నాన్నా, నూనెలో బాగా మగ్గనివ్వు, టమాటా వద్దు, ఇవాళ్టికి మసాలా పొట్లం తియ్యనే తియ్యకు అన్నాను.