మహేంద్రగిరిపై మబ్బుదర్శనం: ఒక విన్నపం

ఒడిశాలోని పర్లాకిమిడిలో కాపురం ఉంటున్న పాపానికి, సెలవులకు వచ్చే బంధువులందరికీ గజపతి జిల్లాను చూపించే బాధ్యత ఏటా నా నెత్తినే పడుతుంది గనుక, చాలాకాలంగా మనసులో నలుగుతున్న ఒక విషయాన్ని పెద్దల ముందు పెట్టదలచాను. కొండెక్కి మబ్బు తప్ప మరేమీ చూడకుండా దిగివచ్చినవాణ్ణి నష్టపోయినవాడిగా లెక్కగట్టడం అన్యాయం.

మొన్నటి దసరాకు హైదరాబాదు నుంచి మా అక్కయ్యా, బావగారూ వచ్చారు. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లనీ, ఆకాశం తేటగా ఉంటే పైనుంచి బంగాళాఖాతం కనిపిస్తుందనీ బావగారు ముందే చదువుకుని, మెడలో బైనాక్యులర్ వేలాడదీసుకుని మరీ రైలు దిగారు. "తేటగా ఉంటే" అన్న మాటను మాత్రం, బీమా కాగితాల్లోని సన్నటి అక్షరాలను వదిలేసినట్టు వదిలేశారు. తెల్లవారుజామున నాలుగింటికే జీపెక్కినా, మేము చేరేసరికి మబ్బు మాకంటే ముందే వచ్చి చోటు పట్టుకుని కూర్చుంది.

"ఏమయ్యా, సముద్రం ఎటు?" అన్నారు బావగారు.

"మీరు చూస్తున్న వైపే, బావగారూ" అన్నాను. అందులో అబద్ధం లేదు.

ఆయన ఆ తెల్లదనాన్ని గంటసేపు శ్రద్ధగా పరిశీలించి, అద్దాలను కండువా అంచుతో తుడిచి, మళ్లీ పరిశీలించారు. తుడిచినకొద్దీ మబ్బే ఇంకా స్పష్టంగా కనిపించింది. పాండవుల పేర్లతో ఉన్న అక్కడి రాతి గుళ్లలో భీముడి గుడి మాత్రం, ఎదురుగా నడుస్తున్న నా చేతికి తగిలింది. చిరంజీవి అయిన పరశురాముడు ఇప్పటికీ ఈ కొండమీదే తపస్సు చేస్తున్నాడని పెద్దలంటారు. ఆ పూట మా అక్కయ్య చేతిలోని ముఢీ (మరమరాల) పొట్లాన్ని ఆయనే అడిగి పుచ్చుకున్నా మాకు తెలిసేది కాదు.

కాబట్టి అధికారులకు నా విన్నపం ఇది. శిఖరం మీద "ఇటు బంగాళాఖాతం", "ఇటు ఆంధ్రప్రదేశ్" అని బాణం గుర్తులతో బోర్డులు పాతించాలి. వచ్చినవారు వాటిని చదివి, చూసినట్టే భావించి, సంతోషంగా దిగిపోతారు. ఇందులో వింతేమీ లేదు. 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన మా ఒడిశా రాష్ట్రపు సరిహద్దును మా ఊరివాళ్లం ఇన్నేళ్లుగా అలాగే చూస్తున్నాం. గీత ఏనాడూ కంటబడలేదు, బోర్డు చదివి నమ్ముతున్నాం.

కొండమీద వణికినందుకు పరిహారంగా మర్నాడు వారిని తప్తపాణి వేడినీటి బుగ్గకు తీసుకువెళ్లాను. ఆ రోజు మబ్బుతునక లేదు, ఎండ మాడ్చేసింది. గంధకం వాసన కొడుతున్న ఆ వేడినీటి పక్కన చెమటలు కక్కుతూ బావగారు నిర్మలమైన ఆకాశంకేసి చూసి, తర్వాత నాకేసి చూశారు. నేను బుగ్గకేసి చూశాను.

శిఖరం మీద దంపతులిద్దరినీ నిలబెట్టి నేను తీసిన ఫొటోను ఆయన ఆ రాత్రే కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. విజయనగరం పిన్నిగారి జవాబు వెంటనే వచ్చింది: "చాలా బాగుంది నాయనా, పాస్‌పోర్టుకా?"