సవరణ: టీడీఎస్ మీటరుతో ఫ్లోరైడ్ తెలియదు

నల్లగొండ, మునుగోడు వైపు బడుల్లో పిల్లలతో బోరునీళ్లు పరీక్ష చేయించి, లెక్కలు గూగుల్ షీట్‌లో ఎక్కించడం గురించి మొన్న రాసిన దాంట్లో పెద్ద తప్పు దొర్లింది. "టీడీఎస్ 500 లోపు ఉంటే ఫ్లోరైడ్ భయం లేదు" అని రాశాం. దయచేసి ఆ మాట కొట్టేయండి, క్షమించండి.

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న మొత్తం పదార్థాల లెక్క. దాన్ని చెప్పే మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందన్నదే. కరిగిన లవణాలన్నీ కలిపి ఒక్క అంకె ఇస్తుంది. ఫ్లోరైడ్ పరిమితేమో లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వసతి లేనిచోట 1.5. మీటరు 400 చూపే బోరులో 3 మిల్లీగ్రాములున్నా దానికి తెలియదు.

కావాల్సింది జిర్కోనియం-అలిజరిన్ రంగు కిట్టు. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎర్రటి రంగు పసుపులోకి తిరుగుతుంది. నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టండి, గాజు వద్దు. ఫోటోకు పరీక్షనాళిక, రంగుల చార్టు ఒకే తెల్లకాగితం మీద పెట్టి, పగటి నీడలో, ఫ్లాష్ ఆపి తీయాలి. పసుపు బల్బు కింద తీస్తే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది.

ఇంకో మాట. ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వేసి తేర్చే నల్లగొండ పద్ధతి నీళ్లకు ఈ కిట్టు నమ్మొద్దు. పటిక నుంచి నీళ్లలో మిగిలిపోయిన అల్యూమినియం, ఆ ఫ్లోరైడ్‌ను పట్టేసుకొని అంకె తగ్గిస్తుంది. అవి ల్యాబుకే పంపాలి.

షీట్‌లో టీడీఎస్ అంకెలు చెరపకండి. ఫ్లోరైడ్‌కు కొత్త కాలమ్ పెట్టి, ఇదివరకు "సురక్షితం" అని రాసిన ప్రతి బోరుకూ "పరీక్షించలేదు" అని మార్చండి.