పెరటి చెట్టు పరువుకు పనికొచ్చునా?

మానవ నాగరికతలో పెరడు పోషించిన పాత్రను మన పండితులు తగినంతగా గుర్తించలేదని నా అభియోగం. వీధి గుమ్మం లోకం కోసం, పెరడు మన కోసం. ఇస్త్రీ చొక్కాతో వీధిలో నడిచే పెద్దమనిషి పెరట్లో గావంచా చుట్టుకుని, నోట్లో వేపపుల్ల పెట్టుకుని, తీర్చాల్సిన బాకీల గురించి తనలో తనే గొణుక్కోవచ్చు. అడిగేవాడుండడు. రాజమండ్రిలో మా వీధిలో ఈ స్వాతంత్ర్యం మొన్నమొన్నటిదాకా ఉండేది.

తర్వాత పక్కనున్న పెంకుటిల్లు పడగొట్టి అయిదంతస్తుల అపార్టుమెంటు కట్టారు. బిల్డరు ఏ వాస్తు చూశాడో ఏమో, ప్రతి ఫ్లాటుకీ వంటింటి బాల్కనీ మా పెరటి వైపే పెట్టాడు. గృహప్రవేశాలయిన వారానికి, నేను కుళాయి దగ్గర సబ్బు రుద్దుకుంటుండగా ఆకాశవాణి వినిపించింది.

"బాబాయ్ గారూ! మీ వడియాలు కాకులెత్తుకుపోతున్నాయండీ!"

తలెత్తి చూస్తే మూడో అంతస్తు ఆవిడ. నిజానికి ఆవిడ చేసింది ఉపకారం. ఆ రోజు దక్కిన వడియాలే మేము సంక్రాంతి దాకా వేయించుకున్నాం. కానీ పరువు, వడియాలు ఒకే త్రాసులో తూగవు కదా. పైగా 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. గావంచా గురించి తీర్పులో విడిగా ప్రస్తావించకపోయినా, 21వ అధికరణ నా కుళాయి గట్టు దాకా వస్తుందనే నేను అర్థం చేసుకున్నాను.

మా అమ్మమ్మ కాలంలో ఈ హక్కుకి తాటాకు దడి సరిపోయేది. ఆ దడికి ఒక కన్నం ఉండేది. ఎవరు చేశారో తెలీదు, ఎవరూ పూడ్చేవారు కాదు. పొద్దున్నే ఆ కన్నంలోంచి పెరుగు తోడు అటు వెళ్ళేది, సాయంత్రం గుత్తి వంకాయ గిన్నె ఇటు వచ్చేది. మధ్యాహ్నం ఇద్దరు ముసలమ్మలు చెరో వైపు పీట వేసుకుని, ముఖాలు కనపడకుండానే ఊరందరి సంగతులూ తేల్చేవాళ్ళు. దడి అడ్డం కోసమే, కానీ ఎంత అడ్డమో వాళ్ళ చేతిలో ఉండేది. అయిదంతస్తులకి తాటాకు దడి కట్టలేం కనుక, మేము చెట్లవైపు చూశాం.

ఇంట్లో ఒక సమావేశం జరిగింది. వేప మంచిదే, కానీ అది మూడో అంతస్తుకి ఎదిగేసరికి మేముండం. మామిడి వేస్తే వీధిలో పిల్లలంతా పెరట్లోనే ఉంటారు. కొబ్బరి ఎత్తు పెరుగుతుంది గానీ దాని ఆకులన్నీ పైనే, మనల్ని దాచేది ఒక స్తంభం. వెదురు అనగానే మా ఆవిడ "పాములు" అంది, ఆ తీర్మానం అక్కడే వీగిపోయింది. అందరి కాంపౌండ్ల వెంట నిటారుగా ఉండే నరమామిడిని మనం అశోకమని గౌరవంగా పిలుచుకుంటాం. సీతమ్మ కూర్చున్న అశోకవనానికీ దీనికీ చుట్టరికం లేదు. పైగా అది సన్యాసిలా సన్నం, చెట్టుకీ చెట్టుకీ మధ్య సందులోంచి ఒక ముఖం చక్కగా పడుతుంది.

ఇక కడియం వెళ్ళడమే మిగిలింది. మా ఊరికి కూతవేటు దూరంలో, కడియపులంక దాకా ఎటు చూసినా నర్సరీలే. ప్రపంచంలో ఉన్న మొక్కలన్నీ అక్కడ సంచుల్లో నిలబడి ఉంటాయి. ఒక కుర్రాడు నా బాధంతా ఓపిగ్గా విని, ఒక్క ప్రశ్న వేశాడు.

"ఎన్నో అంతస్తు వాళ్ళతోనండి సమస్య?"

"మూడు."

"అయితే కోనోకార్పస్ పట్టుకెళ్ళండి. ఏడాది పొడుగూతా పచ్చగానే ఉంటాదండి. ఆకు రాలి చెట్టు బోడిగా అవ్వడం ఉండదు. నీళ్ళు పోస్తే ఎదుగుతాది, పోయకపోయినా ఎదుగుతాది. ఉప్పు నేలైనా ఒకటే, ఎండైనా ఒకటే."

"చచ్చిపోతే?"

"చావదండి," అన్నాడు. అది హామీ కాదు, హెచ్చరిక అని తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఒక్కోటి 40 రూపాయల చొప్పున 22 మొక్కలు కొన్నాం. నాలుగడుగుల దూరం ఉండాలని ఎవరో అన్నారు. దూరమే ఉంటే గోప్యతెక్కడిదని రెండడుగులకే పాతించాను. మొదటి ఏడాది గోడ దాటాయి. రెండో ఏడు మొదటి అంతస్తు వాళ్ళ తులసికోట మరుగున పడింది. మూడో ఏటికి మూడో అంతస్తు బాల్కనీ కనపడకుండా పోయింది. ఆ రోజు మా ఆవిడ చేత పరమాన్నం వండించి, గావంచాతో పెరట్లో మూడుసార్లు ప్రదక్షిణం చేశాను.

మరి ఆ మర్నాటి నుంచీ జరిగింది ఏ శాస్త్రంలోనూ రాయలేదు.

ఇన్నాళ్ళూ మా పెరడు అందరికీ కనిపించేది కనుక ఎవరూ చూసేవారు కాదు. చూసినా అందులో ఏముంది, ఒక బకెట్టు, రెండు తువ్వాళ్ళు, నేను. ఇప్పుడు కనిపించడం లేదు కనుక అందరూ ఆలోచించడం మొదలుపెట్టారు. పాలవాడు గేటు దగ్గర గొంతు తగ్గించి "అంతా బాగానే ఉన్నారాండీ?" అని అడిగాడు. రెండో అంతస్తులో నాకు అప్పులయ్యాయన్నారు. నాలుగో అంతస్తులో మా అబ్బాయికి విడాకులయ్యాయన్నారు. అబ్బాయికింకా పెళ్ళే కాలేదు. అయిదో అంతస్తు వాళ్ళ సిద్ధాంతం అన్నిటికన్నా ఉదారమైనది: పెరట్లో తవ్వుతుంటే లంకెబిందెలు దొరికాయట. ఆ మాట నమ్మి ఒక దూరపు బంధువు చేబదులుకి కూడా వచ్చాడు.

సుందరకాండ సరిగ్గా చదువుకుని ఉంటే నాకీ అవస్థ ఉండేది కాదు. లంకలో హనుమంతుడు శింశుపా వృక్షమెక్కి ఆకుల్లో దాక్కున్నాడు. కింద కూర్చున్న సీతమ్మకి ఆయన కనపడలేదు, ఆయనకి మాత్రం సీతమ్మా, చుట్టూ ఉన్న రాక్షస స్త్రీలూ, రావణుడి రాకా పోకా అన్నీ కనిపించాయి. దట్టమైన చెట్టు పైనున్నవాణ్ణి దాస్తుంది, కిందున్నవాణ్ణి కాదు. డాబా మీద ఎవరున్నారో ఇప్పుడు మాకు తెలీదు. మేమున్నామని వాళ్ళకి తెలుస్తోంది, ఎందుకంటే ఒకరోజు డాబా మీదనుంచి "బాబాయ్ గారికి జలుబు చేసినట్టుందే" అని వినిపించింది.

ఇంకో సంగతి దాచి లాభం లేదు. మా ఆవిడ రోజూ వాట్సాప్ స్టేటస్ పెడుతుంది. పెరట్లో ముగ్గు, పెరట్లో ఆవకాయ జాడీ, చెట్ల ముందు తను, చెట్ల ముందు నేను. ఆ స్టేటస్ అందరికన్నా ముందు చూసేది మూడో అంతస్తు ఆవిడే. ఇద్దరూ పచ్చ గుండెలు పంపుకుంటారు. 22 చెట్లు అడ్డం పెట్టి నేను కాపాడిన గోప్యత ఫోనులో పొద్దున్నే కాఫీ వేళకి పంపిణీ అయిపోతోంది.

ఈలోగా చెట్టుకే చెడ్డపేరొచ్చింది. ఈ చెట్టు సొంత ఊరు సొమాలియా, జిబూటీ, యెమెన్ తీరాలు. అక్కడి ఎండల్లో బతకడం నేర్చి, గల్ఫ్ రోడ్ల పక్కన కొలువు సంపాదించింది. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ వెళ్ళినవాళ్ళనడగండి, అక్కడి గోడల వెంట ఈ చెట్టే. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైతే డివైడర్ల మధ్య ఇదే, మన వైపు లేఅవుట్లలోనూ ఇదే. ఎవరికి తొందరగా పచ్చదనం కావాలంటే వాళ్ళకి ఇది హాజరు. 2023 సెప్టెంబరులో గుజరాత్ దీన్ని నాటొద్దని ఆదేశమిచ్చింది: పుప్పొడితో జలుబు, దగ్గు, ఆస్తమా, వేళ్ళతో కేబుళ్ళకీ డ్రైనేజీకీ చేటు అని. తర్వాత తమిళనాడూ వద్దంది.

ఆదేశంలో ఉన్నది అంతే. మా వాకింగు మిత్రుల గ్రూపులో మాత్రం అది ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుందని, దాని కింద నిద్రపోయినవాడు లేవడని తేల్చారు. పచ్చటి ఆకున్న ఏ చెట్టయినా పగలు చేసే పని ఒకటేనని బడి పుస్తకంలోనే ఉంది గానీ, చెప్పినందుకు నన్ను గ్రూపులోంచి తీసేశారు. చెప్పాలంటే దీని కులగోత్రాలు కూడా మంచివే. మద్ది, కరక్కాయ, తానికాయ, మనం ముద్దుగా పెంచుకునే రాధామనోహరం, అన్నీ దీని కుటుంబమే. మంచింటి పిల్లే. మనమే తెచ్చి రెండడుగుల సందులో 22 మందిని నిలబెట్టాం.

దీన్ని మన దేశపు తెలివితక్కువతనమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడు చెప్పాడు, వాళ్ళకీ ఒక చెట్టుందట, లేలాండీ. అమెరికాలో వందల మైళ్ళ దూరాన పుట్టిన రెండు సైప్రస్ జాతుల్ని వేల్స్‌లో లైటన్ హాల్ అనే బంగళా తోటలో పక్కపక్కన పెంచితే, 1888లో అవి ఎవరికీ చెప్పకుండా సంబంధం కలుపుకున్నాయి. ఆ సంతానం ఏడాదికి మూడడుగులు ఎదుగుతుంది. పక్కవాడు కనపడకూడదని దేశమంతా నాటుకున్నారు. పక్కవాడికి సూర్యుడు కనపడటం మానేశాడు. తగవులు ముదిరి, చివరికి 2003లో సంఘ వ్యతిరేక ప్రవర్తన చట్టం చేసినప్పుడు అందులో ఎత్తయిన కంచెలకి ఒక భాగం కేటాయించాల్సి వచ్చింది. రెండు మీటర్లు దాటిన సతతహరిత కంచె మీద కౌన్సిలుకి ఫిర్యాదు చేయొచ్చు. "మామయ్యా, మీవి రెండు మీటర్లుంటాయా?" అన్నాడు వాడు. ఫోన్ సిగ్నల్ లేదన్నాను.

ఇక అసలు దెబ్బ. ఒక ఆదివారం స్నానాలగది నీళ్ళు వెనక్కి తన్నాయి. ప్లంబరు వచ్చి, పెరట్లో రాళ్ళు లేపి, పైపు కోసి, లోపల చెయ్యి పెట్టి లాగడం మొదలుపెట్టాడు. లాగుతున్నాడు, వస్తోంది. ఎర్రగా, మెత్తగా, వేలెడు లావు నుంచి వెంట్రుకంత సన్నానికి దిగుతూ, పెళ్ళికూతురి సవరమంత వేరు. చివర కుచ్చులా చిన్నచిన్న పీచులు, వాటిలో చిక్కుకుని మా సబ్బు ముక్క ఒకటి, నాలుగేళ్ళ క్రితం పోయిన మా ఆవిడ పక్కపిన్నీసు ఒకటి. నేలమీద పరిస్తే కుళాయి నుంచి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ప్లంబరు నుదురు తుడుచుకుని, "చూశారాండీ, ఇంట్లోకి వచ్చేసింది" అన్నాడు. పైనుంచి ఎవరూ చూడకూడదని నేను నాటినది కిందనుంచి నా స్నానాలగదిలోకి చేరింది.

కొట్టించేద్దామనుకున్నాను. మొక్క నాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, చెట్టు కొట్టడానికి కావాలి. వాల్టా అని 2002 నాటి చట్టముంది. ఒక ఆఫీసుకి అర్జీ పట్టుకెళితే, అక్కడాయన చెట్లు ఎందుకు నాటారో కారణం రాయమన్నాడు. "మూడో అంతస్తు ఆవిడ చూస్తున్నందువల్ల" అని ప్రభుత్వ కాగితం మీద రాయలేక "పర్యావరణం" అని రాశాను. కొట్టడానికి కారణం అడిగాడు. అక్కడా "పర్యావరణం" అనే రాశాను. ఆయన రెండూ చదివి, ఏ అనుమానమూ లేకుండా ముద్ర వేశాడు.

చెట్లు కొట్టేవాడు వచ్చి కిందా మీదా చూశాడు. "ఇది కిందనుంచి అయ్యే పని కాదండి. మీ గోడ మీద పడతాది. ఆ బాల్కనీలోంచి తాడేసి, పై కొమ్మలు దించాలండి," అన్నాడు. అతను చూపించిన బాల్కనీ ఏదో చెప్పనక్కర్లేదు.

అలా నాలుగేళ్ళలో మొదటిసారి నేను ఆ ఇంటి గడప తొక్కాను. ఆవిడ కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది, పళ్ళెంలో రెండు పూతరేకులు పెట్టింది. "చెట్లొచ్చాక మీరు కనపడటమే మానేశారు బాబాయ్ గారూ. వడియాలు ఇంకా పెడుతున్నారా, మానేశారా అని మావారితో అంటూనే ఉన్నాను," అంది. చెట్లు నాటిన కారణం చెప్పలేదు. ఆవిడ కూడా అడగలేదు.

కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీ పిట్టగోడ దగ్గరికి వెళ్ళాను. కిందకి చూస్తే మా పెరడు జానెడు కూడా కనపడలేదు. అంతా పచ్చటి గోడ. ఒక్క క్షణం నాకు గర్వంగా కూడా అనిపించింది. ఆ పచ్చదనం అంచు మీదుగా చూపు ఆనిస్తే, మా ఇంటికి అవతల, వెనక వీధిలో ఒక పెరడు కనిపించింది. చాప మీద ఏవో ఆరబోసి ఉన్నాయి. ఒక పెద్దాయన కుళాయి దగ్గర అటు తిరిగి కూర్చున్నాడు. గావంచా నా మాదిరిదే. మూడు కాకులు పిట్టగోడ మీద నుంచి చాప మీదకి దిగాయి.

నా ప్రమేయం లేకుండానే నోరు లేచింది. "మాస్టారూ! కాకులండీ!"

ఆయన ఉలిక్కిపడి తలెత్తి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. తువ్వాలు భుజాల మీదకి లాక్కుని గబగబా లోపలికి పోయాడు. చాప మీదివి వడియాలా, మినప అప్పడాలా అన్నది మాత్రం తేలలేదు. ఒక కొమ్మ అడ్డొచ్చింది.

తాడు బిగించి చెట్లవాడు అడిగాడు, "ఎటునుంచి మొదలెట్టమంటారండీ?"

"ముందు ఆ వెనక వీధి వైపు కొమ్మ కొట్టవయ్యా," అన్నాను.