తప్పంతా బార్లీదే

ఒక శనివారం మా ఇంట్లో ఘాటైన బీరు కాచబోయి జరిగిన సంఘటనల మీద విచారణకు నేనొక ఏకసభ్య కమిషన్ వేశాను. సభ్యుణ్ణి నేనే. నిందితుణ్ణి కూడా నేనే అని ఇంట్లో కొందరు గుసగుసలాడుతున్నారని తెలిసి, నిష్పాక్షికత దెబ్బతినకూడదని మొదటి రోజే ఒక నిర్ధారణకు వచ్చేశాను. తప్పు బార్లీది. ఇక సాక్ష్యాలు పోగుచేయడమే మిగిలింది. ఏ కమిషనైనా నడిచేది ఇలాగే కదా.

ముందు నేపథ్యం. మామూలు బీరు నాకు చేయి తిరిగిన పనే. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ని, బరకగా పగలగొట్టి గంటసేపు వేడినీళ్ళలో నానేస్తే దానిలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఇదే మాషింగ్. దిగిన తీపి నీళ్ళు వోర్ట్. దాన్ని వడగట్టి, చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి మరగబెట్టి, చల్లార్చి ఈస్ట్ కలిపితే తర్వాతి సంగతి ఈస్ట్ చూసుకుంటుంది. 4.5 కిలోల మాల్ట్, 20 లీటర్ల బీరు, 5 శాతం ఆల్కహాల్. ఈ లెక్క నా చేతిలో ఎప్పుడూ తప్పలేదు.

కానీ మనిషన్నాక ఎదగాలి. అందుకని 10 శాతం బార్లీ వైన్ మీద కన్ను పడింది. పేరులో వైన్ ఉన్నా అది బీరే. ఆ పేరు పెట్టింది నేను కాదు. రెట్టింపు ఘాటుకి రెట్టింపు మాల్ట్, 9 కిలోలు. ఇందులో తప్పేముందో చెప్పమని ఎక్కాల పుస్తకం తెచ్చి ఎవరి ముందైనా పెడతాను. "ఎక్కాల దగ్గరే ఆగిపోయావు బావా, అదే తప్పు" అని మా బావమరిది వాంగ్మూలంలో అన్నాడు. ఆ వాక్యాన్ని రికార్డుల నుంచి తొలగించాం.

బార్లీ మీద మొదటి అభియోగం ఆక్రమణ. నేను మాష్ చేసేది వేడి పోకుండా ఉండే 30 లీటర్ల కూలర్ పెట్టెలో. కిలోకి 3 లీటర్ల చొప్పున 27 లీటర్ల నీళ్ళు పోశాను. ఇంకా మూడు లీటర్ల చోటుంది, దర్జాగా మాల్ట్ పొయ్యమన్నాను. నీళ్ళలో మునిగాక కూడా కిలో మాల్ట్ సుమారు 0.67 లీటర్ల జాగా తీసుకుంటుందట. ఈ సంగతి నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, నా పాదాలు. సరిగ్గా సగం మాల్ట్ పడేసరికి పెట్టె అంచు దాటి వేడి జావ నా కాళ్ళ మీదికి దిగింది.

"బావా, ఇంకా సగం ఉంది. ఎక్కడ పొయ్యను?"

"నా నెత్తిన పొయ్యి."

వాడు తల పైకెత్తి నా నెత్తి వైపు చూశాడు. ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడని నా అనుమానం.

27 లీటర్ల నీళ్ళకి 9 కిలోల మాల్ట్ తోడైతే 33 లీటర్లవుతుంది. ఆ కూడిక కాయితం మీద వేసుకోవడానికి అర నిమిషం చాలు. కిలోకి 2.5 లీటర్లతో సరిపెట్టుకుని ఉంటే 28.5 దగ్గర ఆగేది. కానీ నేను కాయితం ముట్టుకునే రకం కాదు, మగ్గు తీసుకునే రకం. ఐదు లీటర్లు తోడి అవతల పారబోసి, మిగిలిన మాల్టంతా ఒక్క ఊపున పెట్టెలోకి గుమ్మరించాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దలకి మాషింగ్ అనుభవం ఉండే ఉంటుంది.

రెండో అభియోగం కుట్ర. ఒక్కసారిగా పోసిన పిండి ఏం చేస్తుంది? గుంపులు కడుతుంది. పైన తడి, లోపల పొడి. మర్నాడు పెట్టె ఖాళీ చేస్తుంటే పిడికెడంత ఉండ ఒకటి దొరికింది. విరిచి చూస్తే మధ్యలో తెల్లటి పొడి పిండి, సంచిలోంచి అప్పుడే తీసినట్టు. గంటన్నర వేడినీళ్ళలో ఉండి కూడా నీటి చుక్క సోకలేదు, ఎంజైము మొహం చూడలేదు. అలాంటివి పదకొండు లెక్కపెట్టి, ఆపైన మనసొప్పక మానేశాను. నీళ్ళలోకి కొంచెం కొంచెంగా మాల్ట్ జారవిడుస్తూ ఒకరు తెడ్డుతో ఆపకుండా కలుపుతుంటే ఈ కుట్ర సాగదు. 9 కిలోలకి పది నిమిషాల పని. జబ్బలు లాగుతాయి, నిజమే.

వేడి సంగతికొస్తే, 66 డిగ్రీలు కావాలనుకున్నాను. నీళ్ళు తక్కువ, గింజ ఎక్కువ కాబట్టి నీళ్ళు 73 దాకా వేడెక్కించాలి. గది వేడిలో ఉన్న మాల్ట్ దాన్ని కిందికి లాగుతుంది. ముందుగా పెట్టెని వేడినీళ్ళతో కాచుకోకపోతే, అది కూడా తన వంతు లాగుతుంది. తిలా పాపం తలా పిడికెడు. నా థర్మామీటర్ ఒక మూల 61 చూపించింది, నడిమధ్య 70, తెడ్డు ఆనించిన చోట మరింకేదో. చిక్కటి మాష్‌లో వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి అంత సులభంగా కదలదు. 60 నుంచి 65 మధ్య ఒక ఎంజైము బాగా పనిచేసి ఈస్ట్ తినగలిగే చక్కెరనిస్తుంది. 70 దగ్గర ఇంకొకటి చురుగ్గా ఉండి, ఈస్ట్ ముట్టని తీపిని ఎక్కువగా మిగులుస్తుంది. అసలే ఘాటైన బీర్లలో తీపి ఎక్కువ మిగులుతుంది కాబట్టి 64, 65 దగ్గర గంటన్నర ఉంచడం మేలు. నేను మాత్రం ఒకే పెట్టెలో అన్ని వేడిలకూ సమాన ప్రాతినిధ్యం కల్పించాను.

థర్మామీటర్ లేని రోజుల్లో ఇంగ్లండ్ బ్రూవర్లు మరిగిన నీళ్ళ మీద ఆవిరి తేలిపోయి తమ ముఖం నీళ్ళలో కనిపించేదాకా ఆగి, అప్పుడు మాల్ట్ కలిపేవారట. మంచి పద్ధతే. అయితే ఆ సమయంలో నా ముఖం నేను చూసుకునే స్థితిలో లేను.

ఇక అసలు నేరం. కుళాయి తిప్పితే వోర్ట్ రాలేదు.

రాలేదంటే, ముందు ఒక లోటా వచ్చింది. తర్వాత దారంలా, ఆ తర్వాత చుక్క చుక్క, ఆపైన అదీ లేదు. 9 కిలోల బార్లీ పెట్టె అడుగున బైఠాయించి రాస్తారోకో మొదలెట్టింది. నా వైపు నుంచి ఎలాంటి కవ్వింపూ లేదని కమిషన్ ముందే తేల్చింది. అయినా సాక్షులు కొన్ని విషయాలు బయటపెట్టారు. మెత్తగా ఆడిస్తే చక్కెర ఎక్కువ దిగుతుందని మిల్లు రోలర్ల మధ్య సందు నేనే బాగా తగ్గించాను. వడపోసేది మనం అడుగున పెట్టే చిల్లుల పళ్ళెం కాదు, బార్లీ పొట్టే. పళ్ళెం పని ఆ పొట్టుని మొయ్యడం. పొట్టు ముక్కలైతే మిగిలేది బంక. అది చాలనట్టు రుచి కోసమని రెండు కిలోల బార్లీ తీసేసి వాటి బదులు రై అనే ధాన్యం కలిపాను. రైకి పొట్టే ఉండదు, జిగురు మాత్రం దండిగా ఉంటుంది. ఇక కుళాయిని మొదటే బార్లా తిప్పేశాను. జోరుగా లాగితే గింజల పరుపు అడుక్కి అణిగి గోడలా బిగుసుకుంటుంది. కుళాయి కొద్దిగా తిప్పి, మొదట దిగిన మడ్డి నీళ్ళని మళ్ళీ పైనే మెల్లగా పోస్తూ, తేటగా వచ్చాక ధార పెంచాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యలేదు. కమిషన్ దీన్ని "సమయాభావం" అని నమోదు చేసింది.

బావమరిది కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి నోటితో ఊదాడు. పెట్టెలోంచి గుడగుడమని ఒక బుడగ లేచింది. మళ్ళీ ఊదాడు. బుగ్గలు ఎర్రబడ్డాయి. మూడోసారి లోపలున్నది తిరిగి వాడి వైపే వచ్చింది.

"తియ్యగా ఉంది బావా" అన్నాడు గడ్డం తుడుచుకుంటూ. ఆ రోజు మొత్తానికి నాకు దక్కిన ఒకే ఒక్క మంచి మాట అది.

చివరికి కుళాయి కట్టేసి, కాస్త వేడినీళ్ళు చల్లి, పరుపంతా తెడ్డుతో కదిపి, పావుగంట కదలకుండా వదిలేస్తే గానీ ధార దిగలేదు. అరకిలో వరి ఊక తడిపి ముందే మాల్ట్‌లో కలిపి ఉంటే ఈ చర్చలూ, రాయబారాలూ అక్కర్లేదు. ఊకకి రుచి ఉండదు, పిండి ఉండదు, మధ్యలో నిలబడి దారి ఇస్తుంది. అయినా ఊక కొనడమంటే నా మాష్ మీద నాకే నమ్మకం లేదని ఒప్పుకోవడం. పరువున్నవాడు ఆ పని ఎలా చేస్తాడు?

ఇంతా చేసి, వోర్ట్ నీళ్ళకంటే ఎంత చిక్కనో, అంటే చక్కెర ఎంత దిగిందో చెప్పే హైడ్రోమీటర్ వేస్తే 1.080. వట్టి నీళ్ళయితే 1.000. నేను ఆశించింది 1.100. కమిషన్ చరిత్రలో అప్రూవర్‌గా మారిన మొదటి సాక్షి ఈ గాజు గొట్టమే.

ఇక్కడ కమిషన్ కొంచెం ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఎందుకంటే ఉండలు కట్టకపోయినా, కుళాయి మొరాయించకపోయినా ఆ 1.100 వచ్చేది కాదని తేలింది. మాల్ట్ కిలోకి ఒక లీటరు నీళ్ళు తాగేసి తిరిగివ్వదు. మామూలు బీరులో 4.5 కిలోలు మాష్ చేసి వోర్ట్ దించాక, మరిగించడానికి 24 లీటర్లు కావాలంటే పైన ఇంకో 15 లీటర్ల వేడినీళ్ళు పోసి గింజల్ని కడుగుతాం. అంటే కిలోకి 3.3 లీటర్లు, శుభ్రంగా స్నానం. అదే 9 కిలోలప్పుడు, మాష్ నుంచి ముందే 13.5 లీటర్లు దిగుతాయి కాబట్టి కడగడానికి చోటుండేది పదిన్నర లీటర్లకే. కిలోకి లీటరు మీద కాస్త. రెట్టింపు మందికి మూడింట రెండు వంతుల నీళ్ళిచ్చి, మురికి వదల్లేదని తిట్టడం లాంటిదే ఇది. గింజలు తాగిన 9 లీటర్లూ తీపి నీళ్ళే, అవి గింజల్లోనే ఉండిపోతాయి. మామూలు బీరుకి 75 శాతం చక్కెర రాబట్టే పెట్టె, ఘాటు బీరుకి 60 దగ్గర చతికిలబడడం వింత కాదట. ముందే ఆ లెక్కతో మాల్ట్ వేసుకోవాలట.

ఎక్కువ నీళ్ళతో కడిగి, రెండు మూడు గంటలు మరిగించి చిక్కబరచొచ్చు. గ్యాసు నీది, ఓపిక నీది. లేదా మరిగేటప్పుడు కాస్త మాల్ట్ ఎక్స్‌ట్రాక్టో (ముందే చిక్కబరిచి అమ్మే వోర్ట్), చక్కెరో కలపొచ్చు. బెల్జియం బ్రూవర్లు తమ ఘాటైన బీర్లలో చక్కెర ఏ దాపరికమూ లేకుండా వేస్తారు. బావమరిది ఈ మాటే అంటే, వాడి వాంగ్మూలం ఇంకో పేజీ చింపేశాను. బాగా నల్లగా వేయించిన మాల్ట్ వేసేవాళ్ళకి మాష్ మరీ పుల్లబడి పీహెచ్ 5.2కి కిందికి జారే బెడద ఒకటుంది, దాన్ని మాష్ చివర్లో కలిపితే సరి. నాకు ఆ బాధ రాలేదు. నాకున్న బాధల్లో దానికి చోటు లేదు.

మూడు వారాల తర్వాత, నేను ఊళ్ళో లేనప్పుడు, బావమరిది అదే పెట్టె, అదే 9 కిలోలు తీసుకున్నాడు. రై లేదు, ఊక ఉంది. 22.5 లీటర్ల నీళ్ళు. కడగడమనే మాటే ఎత్తకుండా మొదట దిగిన వోర్ట్ మాత్రమే మరిగించాడు. 12 లీటర్లు, 1.108. 20 కావాలని పట్టుబట్టలేదు. ఈ తరం పిల్లలకి ఆశయాలు తక్కువ. తర్వాత అవే గింజల మీద ఇంకో 14 లీటర్ల వేడినీళ్ళు పోసి, కలిపి, దించి, వేరుగా కాచాడు. 13 లీటర్లు, 1.040. ఇంగ్లండ్‌లో పాతకాలం నుంచీ ఇలా ఒకే మాల్ట్‌తో పెద్ద బీరూ, చిన్న బీరూ కాచేవారట. నాకు ముందే తెలుసు.

ఈ పరిణామాల దృష్ట్యా నివేదిక సమర్పణ వాయిదా పడింది. బార్లీ వైన్ రుచి తేలడానికి కనీసం ఆరు నెలలు సీసాల్లో నిలవుండాలి కాబట్టి, కమిషన్ గడువు కూడా ఆరు నెలలు పొడిగించాం. అప్పటిదాకా సభ్యుడి భత్యం కింద రోజుకొక గ్లాసు చిన్న బీరు మంజూరైంది. మంజూరు చేసింది బావమరిది. నిన్న సాయంత్రం రెండో గ్లాసు అడిగితే, ఫైలు చూసి చెప్తానన్నాడు.