రిఫరీ మన క్లబ్ మీదే ఎందుకు పగబడతాడు?

2023 సెప్టెంబర్ 30న ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పైస్థాయి అయిన ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో, టోటెన్‌హామ్ మైదానంలో లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు, అంటే గోల్ చెల్లదని. వీడియో గదిలో కూర్చున్న వీఏఆర్ (వీడియో అసిస్టెంట్ రిఫరీ) డారెన్ ఇంగ్లండ్ రీప్లే చూసి, డియాజ్ ఆఫ్‌సైడ్‌లో లేడని సరిగ్గానే గుర్తించాడు. కానీ మైదానంలో గోల్ ఇచ్చేశారనుకుని ‘చెక్ పూర్తయింది’ అన్నాడు. ఆ మాట విన్న మైదానంలోని రిఫరీకి అది ఆఫ్‌సైడ్ ఖాయమైనట్టు అర్థమైంది. ఆట మళ్లీ మొదలైంది. గదిలో పొరపాటు బయటపడేసరికి ఆలస్యమైపోయింది. మొదలైన ఆటను ఆపి వెనక్కి వెళ్లడానికి నిబంధనలు ఒప్పుకోవు. చివరికి 96వ నిమిషంలో పడిన సెల్ఫ్ గోల్‌తో లివర్‌పూల్ 2-1 తేడాతో ఓడిపోయింది.

రిఫరీల సంస్థ పీజీఎంఓఎల్ అదే రోజు తప్పు ఒప్పుకుంది. తర్వాత ఆ గదిలో జరిగిన సంభాషణ ఆడియోను కూడా బయటపెట్టింది. అది విన్నవాళ్లకు కుట్ర ఏమీ వినిపించదు. వినిపించేది కంగారు. నలుగురు మనుషులు ఒక్కసారిగా తమ తప్పు తెలుసుకుని గొంతు తడారిపోయి మాట్లాడుకునే టెన్షన్ అది. అయినా చాలామంది అభిమానుల అనుమానం తీరలేదు. పైపెచ్చు ఇంకో ప్రశ్న పుట్టింది. ఆ వీడియో గదిలోని ఇద్దరు అధికారులు రెండు రోజుల ముందే యూఏఈకి వెళ్లి అక్కడి లీగ్ మ్యాచ్‌లో పనిచేసి వచ్చారు. లివర్‌పూల్‌తో ఏళ్లుగా టైటిల్ కోసం పోటీపడుతున్న మాంచెస్టర్ సిటీ యజమాని యూఏఈ పాలక కుటుంబానికి చెందిన వ్యక్తి. మరి ఆ డబ్బు మాటేమిటి?

ఈ రెండు ప్రశ్నల్లో మొదటిది, అంటే గోల్ ఎందుకు పోయిందన్నది, అందరూ వందసార్లు రీప్లే వేసి చూశారు. రెండోదాన్ని కుట్ర సిద్ధాంతమని చాలామంది కొట్టిపారేశారు. నా లెక్కలో విషయం తిరగబడి ఉంది. డియాజ్ గోల్ పోవడానికీ యూఏఈకీ సంబంధం ఉందనడానికి ఆధారమేమీ లేదు. అయినా అడగదగ్గ ప్రశ్న రెండోదే. ఫుట్‌బాల్‌లో పక్షపాతం నిజంగా దొరికిన చోట్లలో చాలావరకు అది రీప్లేలో దొరకలేదు. ఏ మ్యాచ్‌కు ఎవరిని పంపాలో నిర్ణయించే గదిలో, ఫోన్ సంభాషణల్లో, చెల్లింపుల పద్దుల్లో దొరికింది.

ముందుగా మన కళ్ల సంగతి చూద్దాం. నేనూ ఒక క్లబ్ అభిమానినే, కాబట్టి ‘మన’ అనే అంటాను. ఏ క్లబ్ అన్నది చివర్లో చెబుతాను, ఇప్పుడే చెబితే మీరు ఈ వ్యాసం చదివే తీరు మారిపోతుంది. 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయాల మధ్య ఒక మ్యాచ్ జరిగింది. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అది, కొట్లాటలా సాగింది. దాని ఫిల్మ్‌ను రెండు చోట్లా విద్యార్థులకు చూపించి ఎవరు ఎన్ని తప్పులు చేశారో రాయమన్నారు ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హాడ్లీ కాంట్రిల్ అనే మనస్తత్వ పరిశోధకులు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు ఎన్ని కనిపించాయో, ప్రిన్స్‌టన్ విద్యార్థులకు అంతకు రెట్టింపు పైనే కనిపించాయి. ఫిల్మ్ ఒకటే. ఎవరూ అబద్ధం రాయలేదు. తమకు కనిపించిందే రాశారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. అభిమానికి ఆ కామెర్లు శనివారం మధ్యాహ్నం వచ్చి ఆదివారానికి కూడా తగ్గవు.

దీనికి తోడు లెక్కల చిక్కు. 20 క్లబ్బులున్న లీగులో వీఏఆర్ నిర్ణయాల పట్టిక ఎవరు తయారుచేసినా, దానిలో అట్టడుగున ఎవరో ఒకరు ఉండి తీరాలి. నాణెం ఎగరేసి నిర్ణయాలిచ్చినా ఉంటారు. ఆ అట్టడుగు క్లబ్ అభిమానికి పట్టిక సాక్ష్యంలా కనిపిస్తుంది. పైగా, ఎదుటి పెనాల్టీ బాక్స్‌లో ఎక్కువసేపు ఆడే జట్టు పెనాల్టీ కోసం ఎక్కువసార్లు అడుగుతుంది కాబట్టి ఎక్కువసార్లు కాదనిపించుకుంటుంది. పెద్ద క్లబ్బులవాళ్లకు తమకే అన్యాయం జరుగుతోందని అనిపించడానికి ఇదొక కారణం. అసలు ఎన్నిసార్లు అడిగారన్న అంకె లేకుండా ఎన్నిసార్లు రాలేదన్న అంకె చెప్పే పట్టికలు వాదనకు పనికొస్తాయేమో గానీ నిజం తెలుసుకోవడానికి పనికిరావు.

ఇంతమాత్రాన రిఫరీలు తక్కెడ ముల్లులా నిటారుగా ఉంటారని కాదు. వాళ్లూ మొగ్గుతారు. కాకపోతే మనం వెతికే వైపుకు కాదు. ఇంగ్లండ్‌లో 40 మంది అర్హత ఉన్న రిఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్ దృశ్యాలు చూపించి ఫౌల్స్ నిర్ణయించమన్నారు. కొంతమందికి ప్రేక్షకుల హోరుతో చూపించారు, మిగతావాళ్లకు శబ్దం లేకుండా. 2002లో వెలువడిన ఈ పరిశోధనలో, హోరు విన్నవాళ్లు హోమ్ టీమ్ మీద 15 శాతానికి పైగా తక్కువ ఫౌల్స్ ఇచ్చినట్టు తేలింది. స్పెయిన్ లీగ్ మ్యాచ్‌లను 2005లో ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలిస్తే ఇంకో సంగతి బయటపడింది. హోమ్ టీమ్ ఒక గోల్ వెనకబడి ఉంటే చివర్లో రిఫరీ అదనంగా కలిపే ఇంజూరీ టైమ్ పెరుగుతుంది, ఒక గోల్ ముందుంటే తగ్గుతుంది. 2020లో కరోనా వల్ల ఖాళీ మైదానాల్లో ఆడినప్పుడు, అతిథి జట్టుకే ఎక్కువ కార్డులు పడే ధోరణి బాగా తగ్గిపోయింది.

అంటే రిఫరీని కదిపేది వేలమంది గొంతు. ఆ గొంతు మనదే. మన మైదానంలో మనకు కలిసొచ్చిన ఈ మొగ్గు గురించి ఏ అభిమానీ సీజన్ చివర్లో లెక్క తీయడు.

ఇక అసలు కథ. 2006లో ఇటలీలో బయటపడిన కాల్చోపోలి కుంభకోణంలో యువెంటస్ రెండు టైటిళ్లు పోగొట్టుకుని రెండో స్థాయి లీగైన సెరీ బికి దిగజారింది. దాన్ని పట్టించింది టీవీలో పెనాల్టీ రీప్లే కాదు. క్లబ్ జనరల్ మేనేజర్ లుచానో మొజ్జీ, ఏ మ్యాచ్‌కు ఏ రిఫరీని వేయాలో నిర్ణయించే అధికారులతో మాట్లాడిన ఫోన్ కాల్స్. స్పెయిన్‌లో 2023లో వెలుగులోకి వచ్చిన నెగ్రెయిరా వ్యవహారం కూడా అలాంటిదే. బార్సిలోనా క్లబ్ 2001 నుంచి 2018 దాకా సుమారు 70 లక్షల యూరోలు చెల్లించింది ఒక మైదానపు రిఫరీకి కాదు, రిఫరీల కమిటీ ఉపాధ్యక్షుడైన నెగ్రెయిరాకు సంబంధించిన కంపెనీలకు. అవి సాంకేతిక నివేదికల కోసం ఇచ్చిన డబ్బులని క్లబ్ వాదన. టర్కీలో 2025 అక్టోబర్‌లో అక్కడి ఫెడరేషనే ఒక లెక్క చెప్పింది: 571 మంది రిఫరీల్లో 371 మందికి బెట్టింగ్ ఖాతాలున్నాయని. కంచే చేను మేయడం అంటే ఇదే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాచను. జర్మనీలో 2004 ఆగస్టులో జరిగిన కప్ మ్యాచ్‌లో హాంబర్గ్ జట్టు చిన్న జట్టయిన పాడర్‌బార్న్ చేతిలో 4-2 తేడాతో ఓడింది. రిఫరీ రాబర్ట్ హోయ్‌జర్ ఇచ్చిన పెనాల్టీలు, రెడ్ కార్డ్ చూసి హాంబర్గ్ అభిమానులు మోసం అన్నారు. నిజంగానే మోసం. హోయ్‌జర్ బెట్టింగ్ ముఠా దగ్గర డబ్బు తీసుకున్నాడు, జైలుశిక్ష పడింది. కానీ రెండు సంగతులు గమనించాలి. అతనికి హాంబర్గ్ మీద పగ లేదు, డబ్బు మీద ఆశ. అతని మీద ఫెడరేషన్‌కు ఫిర్యాదు చేసింది తోటి రిఫరీలు. రిఫరీలంతా ఒకరినొకరు కాపాడుకుంటారన్న మన నమ్మకానికి ఇది సరిపడదు.

డేవిడ్ కూట్ విషయం ఇంకా చిక్కు. 2024 నవంబర్‌లో లివర్‌పూల్‌నూ, ఆ జట్టు మాజీ కోచ్ యుర్గెన్ క్లాప్‌నూ ఈ ప్రీమియర్ లీగ్ రిఫరీ బూతులు తిడుతున్న పాత వీడియో బయటికొచ్చింది. డిసెంబర్‌లో ఉద్యోగం పోయింది. లివర్‌పూల్ అభిమానులు వెంటనే పాత లెక్కలు తీశారు. 2020లో ఎవర్టన్ గోల్‌కీపర్ పిక్‌ఫోర్డ్ ఢీకొట్టి లివర్‌పూల్ ఆటగాడు వాన్ డైక్‌ను నెలల తరబడి ఆటకు దూరం చేసినప్పుడు వీఏఆర్ కూట్. 2023 డిసెంబర్‌లో ఆర్సెనల్ ఆటగాడు ఓడెగార్డ్ చేతికి బంతి తగిలినా పెనాల్టీ రానప్పుడు వీఏఆర్ కూటే. ఇన్నాళ్లూ మేం చెప్పింది నిజమేగా అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని. అయితే వీడియో బయటికి రావడానికి రెండు రోజుల ముందు కూట్ రిఫరీగా ఉన్న మ్యాచ్‌లో లివర్‌పూల్ 2-0తో గెలిచింది. ద్వేషం ఉందని రుజువైంది. ఆ ద్వేషం విజిల్‌లోకి వచ్చిందని కాలేదు. అయినా అలాంటి మనిషిని ఆ క్లబ్ మ్యాచ్‌లకు ఏళ్లపాటు పంపడం సంస్థ తప్పు కాదని ఎవరూ అనలేరు.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్ సరైన ప్రశ్నను చెత్తగా అడిగింది. 2024 ఏప్రిల్‌లో ఎవర్టన్ మీద 2-0తో ఓడిన రోజు, మూడు పెనాల్టీలు ఇవ్వలేదని మండిపడి, వీఏఆర్ అధికారి తమతో పాటు కింది లీగుకు దిగజారకుండా పోరాడుతున్న ల్యూటన్ క్లబ్ అభిమాని అని, ముందే హెచ్చరించినా మార్చలేదని సోషల్ మీడియాలో పోస్టు పెట్టింది. ఫలితం ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా. తర్వాత స్వతంత్ర ప్యానెల్ ఆ మూడింటిలో ఒకటి పెనాల్టీయే అని తేల్చింది. ఇంగ్లండ్‌లో రిఫరీలు తమ సొంత క్లబ్ ఏదో సంస్థకు ముందే చెప్పాలి, ఆ క్లబ్ మ్యాచ్‌లు వాళ్లకు ఇవ్వరు. న్యూకాజిల్ అభిమాని అయిన మైఖేల్ ఆలివర్ న్యూకాజిల్ మ్యాచ్‌లు చేయకపోవడం అందుకే. మరి సొంత క్లబ్‌కు పోటీదారు మ్యాచ్ సంగతేమిటి? సీజన్ ఆఖరి నెలలో ఎంత దూరం ఉంటే చాలు? ఈ ప్రశ్నను మర్యాదగా, మార్చిలోనో ఫిబ్రవరిలోనో అడిగి ఉంటే ఫారెస్ట్ పక్షాన నిలబడేవాడిని. ఓడిన సాయంత్రం అడిగితే అది ఏడుపులాగే వినిపిస్తుంది.

వీఏఆర్ వస్తే ఇదంతా పోతుందనుకున్నాం. ప్రీమియర్ లీగ్ చెప్పే లెక్క ప్రకారం కీలక నిర్ణయాల్లో సరైనవి 82 నుంచి 96 శాతానికి పెరిగాయి. 2024 జూన్‌లో వీఏఆర్ తీసేద్దామని వుల్వ్స్ క్లబ్ ప్రతిపాదిస్తే 19-1 ఓట్లతో వీగిపోయింది. తప్పులు తగ్గాయి, అనుమానం పెరిగింది. ఇందులో వింతేమీ లేదు. పాత రోజుల్లో రిఫరీ తప్పు చేస్తే ‘చూళ్లేదు’ అనేవాళ్లం. ఇప్పుడు అతని వెనక పది కెమెరాలున్న గది ఉంది. ‘చూసి కూడా ఇవ్వలేదు’ అంటాం. గుడ్డివాడన్న తిట్టు దొంగ అన్న తిట్టుగా మారింది. పైగా స్పష్టమైన తప్పయితేనే వీఏఆర్ కలగజేసుకోవాలన్న నియమం ఉంది. ఒకే రకం టాకిల్ ఒకచోట రిఫరీ పెనాల్టీ ఇస్తే నిలబడుతుంది, ఇంకోచోట ఇవ్వకపోయినా నిలబడుతుంది. క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్త కాదు, అంపైర్స్ కాల్ లాంటిదే. కానీ క్రికెట్‌లో స్టంప్‌కు బంతి ఎంత తగులుతుందో తెర మీద కనిపిస్తుంది, థర్డ్ అంపైర్ మాటలు ఇంట్లో కూర్చుని వింటాం. ఫుట్‌బాల్‌లో ఆ గది తలుపు ఇంకా మూసే ఉంది. ఎంపిక చేసిన ఆడియోను తర్వాతెప్పుడో వినిపిస్తారు.

క్రికెట్ ఇంకో పాఠం కూడా నేర్పింది. సొంత దేశపు అంపైర్ల మీద గొడవలు ముదిరాక, 1986లో పాకిస్తాన్, వెస్టిండీస్ మధ్య లాహోర్ టెస్టుకు భారత్ నుంచి వి.కె. రామస్వామిని, పి.డి. రిపోర్టర్‌ను పిలిపించారు. 2002 నాటికి టెస్టుల్లో ఇద్దరు అంపైర్లూ తటస్థ దేశాలవాళ్లే ఉండాలన్న నియమం వచ్చింది. అంపైర్లు అప్పటికప్పుడు మారిపోయి నిజాయితీపరులు కాలేదు. వాళ్లను ఎవరు, ఎలా పంపుతున్నారన్నది మారింది.

ఫుట్‌బాల్ క్లబ్బులు మాత్రం ఆ పనికి బదులు మనుషుల మీద పడుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో ఎస్పాన్యోల్ చేతిలో ఓడాక, స్పెయిన్‌లో రిఫరీల వ్యవస్థే కుళ్లిపోయిందని రియల్ మాడ్రిడ్ ఫెడరేషన్‌కు లేఖ రాసింది. ఆ క్లబ్ సొంత టీవీ ఛానెల్ మ్యాచ్‌కు ముందే రిఫరీ పాత తప్పులు ఏరి ప్రసారం చేస్తుంది. ఏప్రిల్‌లో బార్సిలోనాతో కప్ ఫైనల్‌కు ముందురోజు రిఫరీ రికార్డో డి బుర్గోస్ బెంగోయెచియా విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. స్కూల్లో తన కొడుకును ‘మీ నాన్న దొంగ’ అని తోటి పిల్లలు ఏడిపిస్తున్నారని చెప్పాడు. ఆ లేఖలో వ్యవస్థ గురించి అడిగిన ప్రశ్నల్లో పస ఉంది. ఆ పిల్లవాడికి వాటితో సంబంధం లేదు.

రిఫరీలు ఏ క్లబ్ అభిమానులో, ఎక్కడెక్కడ డబ్బు తీసుకుంటారో బయటపెట్టాలని వాదిస్తూ నా సంగతి దాచుకోవడం బాగుండదు. నాది లివర్‌పూల్. ఒక్కసారి పైకి వెళ్లి మొదటి పేరా మళ్లీ చదవండి. డియాజ్ గోల్ గురించి, సెల్ఫ్ గోల్ గురించి వివరంగా రాశాను గానీ, ఆ రోజు మావాళ్లు ఇద్దరు రెడ్ కార్డులు తెచ్చుకుని జట్టు తొమ్మిది మందితో మిగిలిందన్న ముక్క రాయలేదు. మర్చిపోయి కాదు. అందులో కర్టిస్ జోన్స్‌కు ఇచ్చిన కార్డు అన్యాయమేనని ఇప్పటికీ నా నమ్మకం.