తప్పెట దెబ్బ, ఫ్రేము లెక్క

మా మామయ్య విశాఖపట్నంలో ముప్పై ఏళ్లకు పైగా శబ్దగ్రహణం చేసినవాడు. మా అక్క సూపర్ 8 అనే ఎనిమిది మిల్లీమీటర్ల సన్న ఫిల్ముమీద, తప్పెటగుళ్లు అనే ఉత్తరాంధ్ర జానపద ఆట ఆడే ఒక బృందం గురించి ఇరవై నిమిషాల చిత్రం తీయబోతోంది. భీమిలి తీరాన ఆట, ఆ తరువాత బృందం గురువుగారి ఇంట్లో ఆయన మాటలు, ఈ రెండే చిత్రంలో ఉండేవి. అక్క దగ్గరున్న కెమెరాకు, వేగాన్ని తేడా లేకుండా నిలిపే క్రిస్టల్ మోటారు లేదు. ఉన్న కొద్ది డబ్బును క్రిస్టల్ కెమెరా అద్దెకు పెట్టాలా, లేక ఫిల్ముకూ మైకులకూ పెట్టాలా అన్న విషయంపై ఒక సాయంత్రం ఎమ్.వి.పి. కాలనీలోని మా ఇంట్లో వాళ్లిద్దరూ వాదించుకున్నారు. చిత్రం తీసేటప్పుడు బూమ్ (పొడవాటి కర్రకు కట్టిన మైకు) పట్టుకోవలసినవాణ్ణి నేనే కాబట్టి శ్రద్ధగా విని రాసుకున్నాను.

మామయ్య: నువ్వు తీయబోయేది మామూలు మాటల చిత్రమైతే నేను ఇంత పట్టుబట్టేవాణ్ణి కాదమ్మా. తప్పెటగుళ్ల ఆటగాడు రొమ్ముమీద ఆనించుకున్న రేకు తప్పెటను రెండు అరచేతులతోనూ వాయిస్తాడు. ఆ చెయ్యి రేకును తాకిన క్షణం తెరమీద స్పష్టంగా కనబడుతుంది. పెదవుల కదలికలో రెండు ఫ్రేముల, అంటే ఫిల్ములో రెండు బొమ్మల, తేడాను చూసేవాడు క్షమిస్తాడేమో గాని, చెయ్యి తాకిన తరువాత ఎప్పుడో మోత వినిపిస్తే ఎవరూ క్షమించరు. అందుకే ముందు క్రిస్టల్ కెమెరా సంగతి చూడు. క్రిస్టల్ ఉన్న కెమెరా, క్రిస్టల్ గడియారంతో నడిచే రికార్డరు దేని దారిన అది పరుగెత్తినా, బొమ్మనూ శబ్దాన్నీ కలిపే గుర్తుగా మొదట ఒక క్లాప్ కొడితే కార్ట్రిడ్జ్, అంటే ఫిల్ము డబ్బా, చివరిదాకా కలిసే ఉంటాయి.

అక్క: ఆ మాట నిజమే మామయ్యా. ఫిల్ము అంచున అయస్కాంతపు పట్టీ ఉన్న కార్ట్రిడ్జ్‌లను కొడాక్ 1997లోనే ఆపేసింది కాబట్టి బొమ్మను ఒకచోట, శబ్దాన్ని మరొకచోట పట్టుకోక తప్పదని నాకూ తెలుసు. కాని సూపర్ 8 కార్ట్రిడ్జ్ అంటే 50 అడుగులు, 3,600 ఫ్రేములు. సెకనుకు 24 చొప్పున రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. అంత చిన్న పరుగుకు అంత ఖరీదైన మోటారు ఎందుకు? మొదట ఒక క్లాప్, చివర ఒక క్లాప్ కొట్టి, కంప్యూటర్లో రెండు కొసలూ కలిపి శబ్దాన్ని కాస్త సాగదీస్తాను. అద్దె డబ్బుతో ఇంకొన్ని కార్ట్రిడ్జ్‌లు వస్తాయి. నాకు కావలసింది ఫిల్ము.

మామయ్య: కొసలు కలిసినంత మాత్రాన నడుమ కలుస్తుందని ఎవరు చెప్పారు? కెమెరా తప్పు వేగంతోనైనా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా నడిస్తే నీ ఉపాయం పనిచేస్తుంది. కాని బ్యాటరీ దిగేకొద్దీ, కార్ట్రిడ్జ్‌లో ఫిల్ము ఒక చుట్ట నుంచి రెండో చుట్టకు మారేకొద్దీ మోటారు మీద బరువు మారుతుంది, వేగమూ మారుతుంది. పైగా తప్పెట దెబ్బను సాగదీస్తే మొదటి చురుకు పోయి మెత్తబడుతుంది. పాటను సాగదీయవచ్చు గాని దెబ్బను సాగదీయకూడదు.

అక్క: అయితే శబ్దాన్ని ముట్టుకోను, బొమ్మనే సర్దుతాను. మీరు పాత నాగ్రా టేపు రికార్డరు గురించి ఎన్నోసార్లు చెప్పారు గదా! కెమెరా మోటారు నుంచి వచ్చే సంకేతాన్ని తీగ ద్వారా టేపు మీద శబ్దం పక్కనే రాసేవారు, కెమెరా ఎంత తడబడితే ఆ తడబాటంతా టేపు మీద నమోదయ్యేది. నా కెమెరాకూ ఫ్లాష్ సాకెట్టు ఉంది. ప్రతి ఫ్రేముకూ ఒకసారి లోపలి స్విచ్చు మూసుకుంటుంది. దానికి చిన్న బ్యాటరీ, రెండు రెసిస్టర్లు కలిపి రికార్డరు రెండో ట్రాకులోకి పంపిస్తే ఫ్రేముకొక టిక్కు పడుతుంది. ఏ ఫ్రేము ఏ క్షణాన తీశామో ఆ టిక్కులే చెబుతాయి. ఇక క్రిస్టల్‌తో నాకేం పని?

మామయ్య: ఇది మంచి వాదన. నాగ్రాలో వాడిన పైలట్ టోన్ పద్ధతి కూడా ఇదే, కాదనను. కాని నోటితో చెప్పడం వేరు. గడువు తీరిన కార్ట్రిడ్జ్ ఉంటే ఇప్పుడే పెట్టి నడుపు, చూద్దాం.

అలమారులో అటువంటి కార్ట్రిడ్జ్ ఒకటి ఉంది. దాన్ని మొత్తం పరుగెత్తించి టిక్కులు రికార్డు చేశాం. రికార్డరు శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది (ఒక్కో కొలత ఒక శాంపిల్) కాబట్టి, కెమెరా సరిగ్గా 24 ఫ్రేముల వేగంతో నడిస్తే టిక్కుకూ టిక్కుకూ నడుమ 2,000 శాంపిళ్లు ఉండాలి. మొదట్లో 1,960 దగ్గర ఉన్నాయి, చివరకు వచ్చేసరికి 2,060 అయ్యాయి. అంటే కెమెరా దాదాపు ఇరవైనాలుగున్నర ఫ్రేముల వేగంతో బయలుదేరి, ఇరవైమూడుంపావు దాకా జారింది. అక్క కాసేపు మాట్లాడలేదు. మామయ్య కాగితం మీద లెక్క వేశాడు.

మామయ్య: ఈ జారుడుకు నీ రెండు క్లాపుల పద్ధతి వాడితే కొసలు కలుస్తాయి గాని, కార్ట్రిడ్జ్ నడిమధ్యలో తేడా ఇరవై రెండు ఫ్రేములు దాటుతుంది. దాదాపు ఒక సెకను! ఆటగాడి చెయ్యి ఒక దెబ్బ మీద ఉంటే చెవికి ఇంకో దెబ్బ వినిపిస్తుంది.

అక్క: రెండు క్లాపుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాని ఆ తేడాను మనకు చూపించింది టిక్కులే కదా, దిద్దేదీ అవే. తీరాన తీసే ఆటకు నా కెమెరా చాలు.

(ఈ అంశంలో నేను అక్క పక్షమే. జారుడు ఎంత అన్నది కచ్చితంగా తెలిసినప్పుడు దానివల్ల శబ్దానికి నష్టం లేదు.)

మామయ్య: తీరాన అయితే ఒప్పుకుంటాను. గురువుగారి గదిలో మాత్రం ఒప్పుకోను. ఆ గదిలో ట్యూబులైటు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఆ వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కెమెరా కచ్చితంగా 25 ఫ్రేముల వేగంతో నడిస్తే ప్రతి ఫ్రేముకూ సరిగ్గా నాలుగు ఉబ్బులు అందుతాయి, బొమ్మ నిలకడగా ఉంటుంది. 24 దగ్గర నడిస్తే బొమ్మ వెలుగు సెకనుకు నాలుగుసార్లు కొట్టుకుంటుంది. నీ కెమెరా జారుతూ నడుస్తుంది కాబట్టి ఆ కొట్టుకోవడం కూడా జారుతూ ఉంటుంది. నీ టిక్కులు శబ్దాన్ని దిద్దుతాయి, ఫిల్ము మీద పడిన వెలుగును దిద్దలేవు. సింక్ కోసం, అంటే బొమ్మా శబ్దమూ కలవడం కోసం, మాత్రమే క్రిస్టల్ అనుకోవద్దు, వెలుగు కోసం కూడా అది కావాలి.

అక్క: ట్యూబులైటు ఆర్పేస్తాను. సినిమా లైట్లు కూడా పెట్టను. ఆయన ఉదయం పూట కిటికీ పక్కన కూర్చుంటారు, ఆ వెలుగులోనే తీస్తాను.

మామయ్య: సరే, వెలుగు సంగతి అలా ఉంచు. చప్పుడు మాటేమిటి? నీ కెమెరా కాఫీ గింజలు మరలో ఆడించినట్టు గరగరలాడుతుంది. తీరాన అలల హోరులో అది వినిపించదు, నిజమే. అయితే ఆ హోరు కెమెరాను దాచేముందు మాటనూ మింగుతుంది, అందుకే అక్కడ మైకు ఆటగాళ్ల దగ్గర ఉండాలి. కెమెరాతోపాటు దూరంగా నిలబెట్టకూడదు. శబ్దం ఒక ఫ్రేము కాలంలో సుమారు 14 మీటర్లే ప్రయాణిస్తుంది. నువ్వు 28 మీటర్ల దూరంలో కెమెరా పక్కన మైకు పెడితే, ఎంత మంచి క్రిస్టల్ ఉన్నా దెబ్బ రెండు ఫ్రేములు ఆలస్యంగానే వస్తుంది. ఇక గదిలో అయితే కెమెరాకూ ఆయనకూ నడుమ రెండు మీటర్లు కూడా లేవు. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి. మాట ఆగిన ప్రతిచోటా నీ మోటారు వినిపిస్తుంది.

అక్క: అందుకే అద్దె డబ్బును మైకుకు పెడతానంటున్నాను. ఆయన ఉత్తరీయం అంచున చిన్న మైకు దాస్తాను, తమ్ముడు తలమీదుగా బూమ్ పట్టుకుంటాడు. కెమెరాకు అమ్మమ్మ బొంత రెండు పొరలు మడిచి దర్జీ చేత కుట్టించిన తొడుగు వేస్తాను. ఇంకొకటి కూడా ఉంది మామయ్యా. ఆయన గంటసేపు మాట్లాడతారు, నా కెమెరా అందులో పది నిమిషాలకు మించి నడవదు. రికార్డరు మాత్రం గంటసేపూ ఆగదు. మోటారు ఆగి ఉన్నప్పుడు ఆయన చెప్పిన మాటలే చిత్రానికి వెన్నెముక అవుతాయి. వాటిమీద ఆయన చేతులు, గోడకు వేలాడే తప్పెట, గజ్జెలు చూపిస్తాను. పెదవులతో మాట కలవవలసిన చోట్లు మూడో నాలుగో ఉంటాయి.

మామయ్య: ఈ మాట నాకు నచ్చింది. మన సినిమావాళ్లు దశాబ్దాల తరబడి డబ్బింగుకు అలవాటుపడి, చోటుకున్న శబ్దాన్ని విలువలేనిదిగా చూశారు. నువ్వు గంటసేపు రికార్డరు ఆపనంటున్నావు, అది చాలు నాకు. కాని ఆ మూడు నాలుగు చోట్లే ఆయన తండ్రి గురించి, నేర్చుకున్న రోజుల గురించి చెప్పే చోట్లు అవుతాయి. అక్కడ తేడా వస్తే మళ్లీ చెప్పమని అడగగలవా?

అక్క: అడగను. అడిగినా ఆయన అదే మాట అలా చెప్పరు.

మామయ్య: అందుకే ఆ ఒక్క రోజుకు క్రిస్టల్ కెమెరా తెమ్మంటున్నాను. ఆ కిటికీ ఎటువైపు?

అక్క: తూర్పుకు. ఎనిమిది నుంచి పదిన్నర దాకా మంచి వెలుగు ఉంటుంది.

మామయ్య: తూర్పంటే సముద్రం వైపే గదా! తలుపు అద్దమా, చెక్కా?

అక్క: చెక్క.

మామయ్య: తెరిస్తే వెలుగుతో పాటు అలల హోరూ వస్తుంది, మూస్తే మళ్లీ ట్యూబులైటే గతి.

అక్క: కిటికీ చట్రానికి అద్దం పలక కొలిపించి బిగిస్తాను. దాని ఖరీదు ఒక కార్ట్రిడ్జ్ కంటే తక్కువే.

మామయ్య: బిగించు. ఆదివారం ఉదయం నేను ఆ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని అరగంట కూర్చుంటాను. సముద్రం వినిపిస్తే చెక్క తలుపు మూసి, అద్దె కెమెరాతో 25 మీద తీస్తావు. వినిపించకపోతే నీ కెమెరా, నీ బొంత, నీ టిక్కులు.

అక్క: సరే. పలక కొలతకు రేపే వెళ్తాను.