ఖాళీ జాగ ఎవరిది?

గ్రాఫిక్ డిజైన్ చదువుతున్న మన హన్మకొండ యువతను స్ఫూర్తి గురించి అడిగితే, వారి చూపు తిన్నగా స్విట్జర్లాండ్ మీదికి పోతుంది. 1957లో అక్కడ పుట్టిన హెల్వెటికా అక్షరాలు, వాటి చుట్టూ ఉదారంగా వదిలిన తెల్లని జాగ, పక్కన ఒక ఎర్ర గీత: ఇంతకు మించిన సౌందర్యం లోకంలో లేదని వారి విశ్వాసం. హెల్వెటికాలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదన్న స్వల్ప లోపాన్ని వారు పెద్ద మనసుతో క్షమించారు. ఆ అక్షరాలకు నప్పే ఇరుకు వరుసల్లో తెలుగును పేర్చితే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటుంది గనుక, తప్పు మన లిపిదేనని కూడా తీర్మానించుకున్నారు.

వారి రెండో ఆరాధ్యుడు అమెరికా లోగోల రూపకర్త పాల్ రాండ్. స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ అనే కంప్యూటర్ల కంపెనీకి 1986లో ఆయన ఒకే ఒక్క లోగో వేసి ఇచ్చి, వాడుకోవడం మానడం మీ ఇష్టమని చెప్పి, లక్ష డాలర్లు పుచ్చుకున్నాడు. ఈ ఘట్టాన్ని భక్తితో చదివిన విద్యార్థి చదువు ముగించుకుని చౌరస్తాలోని ఏ ఫ్లెక్సీ దుకాణంలోనో కుదురుకోగానే, కుర్చీ వెనుక నిలబడ్డ కార్యకర్త తెర మీద వేలు పెట్టి, "అన్న తలకాయ జర పెద్దగ చెయ్యి తమ్మీ, గీ ఖాళీ జాగ ఎందుకు ఇడిచినవ్, మా బామ్మర్ది ఫొటో వెట్టు" అంటాడు. పాల్ రాండ్‌కు బామ్మర్దుల బెడద ఉన్నట్టు చరిత్రలో ఎక్కడా కనిపించదు.

1971లో కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని నైకీ గుర్తు గీసి 35 డాలర్లే తీసుకుందని, తరువాత ఆ కంపెనీయే ఆమెకు వాటాలు ఇచ్చిందని మనవాళ్లు ఊరట పొందుతుంటారు. మన యువనేతల దగ్గర వాటాలు లేకపోయినా, గెలిచాక చూసుకుంటామన్న మాట ఉంది.

నిజానికి ఫ్లెక్సీని చిన్నచూపు చూడటం అన్యాయం. రాష్ట్ర నాయకుడి తల ఎంత, ఎమ్మెల్యే తల ఎంత, జన్మదినం జరుపుకునే అన్న నిలువెత్తు బొమ్మ ఎంత, కింది వరుసలో డివిజన్ నాయకులు ఎవరి తరువాత ఎవరు అన్నది ఏ స్విస్ ఆచార్యుడూ బోధించని శాస్త్రం. అందులో అంగుళం తేడా వస్తే ఒక వర్గం అలిగి వేరే దుకాణానికి పోతుంది, అప్పుడప్పుడు వేరే పార్టీకే పోతుంది. అలా పోయినప్పుడు పాత ఫైలు తెరిచి, వెనుక రంగూ పైవరుస తలలూ మార్చి, అన్న చిరునవ్వును మాత్రం కదపకుండా అచ్చుకు పంపడం ఆషామాషీ నైపుణ్యం కాదు. బామ్మర్ది స్థానం కూడా చెక్కుచెదరదు.

తెల్లని జాగ మన ఊళ్లో అసలు లేదని కాదు. వరంగల్ కోటలోని కీర్తి తోరణాల నడుమ బోలెడంత ఉంది. కాకతీయులు మహా గొప్పగా వదిలిన ఆ శూన్యం ఇప్పటికీ శూన్యంగానే మిగలడంలో పురావస్తు శాఖ రక్షణ పాత్రను మరువరాదు. 2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఆ తోరణం ఎక్కింది కూడా. అయితే కాజీపేట నుంచి ఆటోలో వెళ్లి చూడగలిగిన దాన్ని స్ఫూర్తిగా చెప్పుకుంటే ఇంటర్వ్యూలో పరువు దక్కదు గనుక, విద్యార్థులు జ్యూరిచ్‌నే నమ్ముకోవడం సబబు.

కావున ప్రవేశ పరీక్షను సవరించాలని మనవి. పుట్టినరోజుకు ముందు రాత్రి పదకొండు గంటలకు, వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటోలతో, ఇరవై నాలుగు తలలను హోదా ప్రకారం అమర్చి, ఎవరినీ నొప్పించకుండా తెల్లవారేలోగా ఫ్లెక్సీని కట్టె చట్రానికి ఎక్కించిన వారికే పట్టా ఇవ్వాలి. జాగ ఖాళీగా వదిలిన వారికి సప్లిమెంటరీలో అవకాశం కల్పించవచ్చు, బామ్మర్ది అభ్యంతరం చెప్పకపోతే.